పిలవని పేరంటాళ్ళు

ఇంట్లో పొద్దున్నే ఎవరు ముందు లేవాలో, ఎవరు కాసేపు పడుకోవచ్చో మనమే చెబుతాం. అదే ఇంట్లో ఉన్న కంప్యూటర్ దగ్గర మాత్రం ఆ అధికారం మనకి లేదట! మీట నొక్కి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చినా తెరమీద ఆ చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకో తెలుసా? మనం పిలవని ప్రోగ్రాములన్నీ మనకంటే ముందు వచ్చి కూర్చుంటున్నాయి.

ఎప్పుడో ఒక కాగితం తీసుకుందామని ప్రింటర్ కొంటాం. దాని తాలూకు ప్రోగ్రాం రోజూ లేస్తుంది. మేనల్లుడు సెలవులకొచ్చి ఒక ఆట ఎక్కించి వెళ్తాడు. వాడు వెళ్ళినా అది మాత్రం రోజూ హాజరు! "మీ సౌకర్యం కోసమేనండీ, అడగ్గానే తెరుచుకోవాలిగా" అంటారు తయారుచేసినవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు వాడేదానికి 365 రోజులూ కాపలా ఎందుకండీ?

ఇది కాఫీ చల్లారే బాధతో పోయేది కాదు. మా హనుమంతునిపాడులో డిగ్రీ చదివే ఓ పిల్ల పాత కంప్యూటర్ కనిగిరి తీసుకెళ్తే, "ఇది పాతదయిపోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారట. వాళ్ళమ్మ బట్టలు కుట్టి సంసారం ఈదే మనిషి. "యాడ నుంచి తెచ్చేదక్కా?" అని దిగులుపడింది. చివరికి ఆ పిల్లే ధైర్యం చేసి జాబితా తీసింది. పదకొండు పేర్లు! ఎనిమిదింటిని ఆపింది. కంప్యూటర్ కొత్తదైపోలేదు గానీ, చదువుకి పనికొచ్చింది. కొత్తదాని ఖర్చు తప్పింది.

అదేం బ్రహ్మవిద్య కాదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'స్టార్టప్' అన్నచోట పేర్లుంటాయి. ఏది ఎంత ఆలస్యం చేస్తోందో పక్కనే రాసి ఉంటుంది. అక్కర్లేని పేరుమీద మౌసు కుడి బటన్ నొక్కి 'డిజేబుల్' అంటే సరి. ప్రోగ్రాం చెరిగిపోదు, పిలిచినప్పుడే వస్తుంది. వైరస్ నుంచి కాపాడేదాన్నీ, శబ్దానికీ టచ్‌ప్యాడ్‌కీ సంబంధించినవాటినీ మాత్రం ముట్టుకోకండి. పేరు అర్థంకానిదాన్ని తెలుసుకునేదాకా ఉండనివ్వండి.

కానీ అసలు ప్రశ్న వేరే ఉంది. గెంటే పని మనకెందుకు పెట్టాలి? డాస్ రోజుల్లో మొదట ఏమేం నడవాలో ఒక ఫైల్లో వరుసగా రాసి ఉండేది. తెరిచి చదవొచ్చు, చెరపొచ్చు. తర్వాత్తర్వాత ప్రోగ్రాములు మన కంటికి ఆనని లోపలి పద్దుల్లో తమ పేర్లు తామే రాసుకోవడం మరిగాయి. 2012లో విండోస్ 8 వచ్చాక గానీ ఆ జాబితా టాస్క్ మేనేజర్‌లోకి చేరలేదు. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, ఫోన్లో కొత్తగా ఎక్కించిన యాప్ కబురు పంపాలన్నా మన అనుమతి అడగాలి. మరి కంప్యూటర్లో రోజూ తిష్ఠ వేసేదానికి ఆపాటి మర్యాద అక్కర్లేదా? ముందే టిక్కు పెట్టి ఉంచి, మనం చూడకపోతే ఒప్పుకున్నట్టేనంటే ఎలా? ఊరుకోవడం ఒప్పుకోవడం కాదని ఆడవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ముందు అడగాలి, కాదంటే ఊరుకోవాలి. తయారుచేసేవాళ్ళకి నేను చెప్పేది అంతే. ఆ బుద్ధి వాళ్ళకి వచ్చేలోగా, "మావాడు బెంగుళూరు నుంచి వచ్చాక చూస్తాళ్ళే" అని కూర్చోకుండా, ఆ మూడు మీటలూ మీరే నొక్కండి.