కాన్పు గదిలోనూ పరిశోధన ఉంది

2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అప్పటికి దేశంలో పెద్ద రాష్ట్రాల్లో ఇంత ఎక్కడా లేదు. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే ఇళ్లు జగిత్యాల, సిరిసిల్ల వైపు మనమెరిగినవే.

ఇలాంటి కోతలు తగ్గించేందుకు 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి నర్సులకు సహజ కాన్పు చేయించే మిడ్‌వైఫరీలో 18 నెలల శిక్షణ మొదలుపెట్టాయి. నొప్పులు పడే తల్లిని నడిపించడం, నడుము నిమరడం, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఓపిగ్గా కాచుకోవడం: ఇదంతా చదువే, శాస్త్రమే.

చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే కోరుట్ల గర్భిణి, మరమగ్గాల హోరులో కండెలు చుట్టే సిరిసిల్ల గర్భిణి ఎలా కంటున్నారో పక్కన కూర్చుని రాసే పరిశోధకులు కావాలి. నర్సింగ్ చదువుతున్న ఆడబిడ్డలారా, మీ పీహెచ్‌డీకి మన ఊళ్ల కాన్పులనే ఎంచుకోండి.