మొక్కల లెక్క - మన కర్తవ్యము

విశ్వవిద్యాలయపు తోటలో విద్యార్థులు కాగితము, కలము చేతబట్టి మొక్కల నెంచుచుండగా చూచిన రైతు, ఇది పనిలేనివారి పని యని నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు తగదని మా యభిప్రాయము.

వా రెంచునది చెట్లను మాత్రమే కాదు. నేలను భాగములుగా విభజించి, మీటరు పొడవు, మీటరు వెడల్పు గల గళ్లు కొలిచి, అందలి గడ్డిని, చిన్నమొక్కలను జాతివారీగా లెక్కింతురు. చెట్లకు పెద్ద గళ్లు వేయుదురు. తొలకరిని మొలచి వేసవికి మాయమగు మొక్క లనేకము గనుక, ప్రతి ఋతువునందును మరల చూతురు. పేరు తెలియని మొక్కను పూవుతో, కాయతో సేకరించి, కాగితముల నడుమ నొక్కి ఎండబెట్టి, దొరికిన చోటును, తేదీని వ్రాసి భద్రపరతురు.

దీని ప్రయోజన మేమి? హైదరాబాదులో 1974లో స్థాపింపబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు చేరి కంచ గచ్చిబౌలి భూమి కలదు. 2025లో అందు 400 ఎకరములను చదును చేయ నారంభింపగా వివాదము పుట్టెను. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్లు కొట్టుటను నిలిపివేసెను. భూమి యెవరిదను తగవులో మేము జోక్యము చేసికొనము. కాని అచ్చట నేమేమి పెరుగుచున్నవను ప్రశ్న వచ్చినప్పుడు, అంతకుముందే వ్రాసియుంచిన మొక్కల, పక్షుల జాబితాలు చూపుటకు పనికివచ్చినవి. కంచ యనగా పశువులు మేయు బీడే కదా! మన గ్రామముల కంచలకు అట్టి జాబితా కలదా?

వ్రాత విలువకు పసుపే సాక్షి. అది గాయములను మాన్పునని మన యవ్వ లందరు నెరుగుదురు. అయినను 1995లో అమెరికాలో దానిపై పేటెంటు ఈయబడెను. మన దేశపు శాస్త్రపరిశోధన మండలి వ్రాతమూలకమైన సాక్ష్యములను చూపగా 1997లో అది రద్దయ్యెను. నోటిమాట చాలలేదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు ఒక కమిటీ నేర్పరచి, ప్రజలతో సంప్రదించి జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయింపవలయును. వ్రాసినచో పరులు దోచుకొందురని కొందరు శంకింతురు. ఇంటి వైద్యరహస్యములను వ్రాయుడని మేము చెప్పము. ఊరందరికి తెలిసినదే వ్రాయుడు. వ్రాయనిది మాత్రము పెద్దలతోపాటు పోవును.

విద్యార్థికి శాస్త్రనామము తెలియును. తుమ్మికూర యెప్పుడు లేతగా నుండునో, ఏ గడ్డిని గేదె ముట్టదో, వయ్యారిభామ మన పొలిమేరలో ఏ యేట కాలు పెట్టెనో రైతునకే తెలియును. ఈ రెండును ఒకే పుటలో చేరినగాని లెక్క పూర్తి కాదు.

కావున రైతుసోదరులారా! రాబోవు తొలకరిలో ప్రతి సంఘమును ఒక పుస్తకము తెరచి, ఇద్దరు వృద్ధులను, నలుగురు బడిపిల్లలను పిలిచి, మొదట చెరువుగట్టును, తరువాత పొలముగట్లను, పిదప కంచను నడచి చూడవలయును. మొక్క పేరు, చోటు, నెల, వాడుక - ఈ నాలుగు గడులు చాలును. నిండిన పుస్తకమును పంచాయతీ కమిటీకి అందజేసి, ఒక ప్రతిని సంఘమున నుంచుకొనుడు.