మూత క్రింది చమురు

వాడ యనగా ఓడ. ఆ పేరు మోయుచున్న వాడరేవునుండి గాని, రేపల్లె దిక్కున నున్న నిజాంపట్నమునుండి గాని కడలిలోనికి పోవు మరపడవకు ఇంజనే ప్రాణము. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున మరపడవల వేటకు నిషేధ మున్నది. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని విధించిన ఈ విరామము ఇంజనులకు వైద్యము చేయుటకును అనువైన కాలమే. ఆ వైద్యమున మిక్కిలి చులుకనకు గురియైన రోగ మొకటి కలదు. ఇంజను తలపై వాల్వులను కప్పియుండు మూత అంచునుండి చమురు చెమర్చుటయే అది. పనివారు ఆ మూతను టాపెట్ కవరందురు.

“పాత ఇంజను చెమర్చక మానునా?” అని సరిపెట్టుకొనువారు పెక్కుమంది. ఈ ఉదాసీనత తగదు. ఆ మూత క్రిందుగా పొగగొట్టము నిప్పువలె కాగియుండును. దానిపై చమురు చుక్క పడిన పొగలేచును. ప్రక్కనే నూనె గుడ్డలున్నచో మంటయే లేవవచ్చును. రోడ్డుమీద లారీకి ఇట్టి ఆపద కలిగిన డ్రైవరు క్రిందికి దుమికి బ్రతుకును. నడిసముద్రమున దుమికి ఎక్కడికి పోవుట? ఇక మంట లేవకున్నను, కారిన చమురు పడవ అడుగున నిలిచిన నీటితో కలియును. ఆ నీటిని తోడి ఏ కడలి తమకు కూడు పెట్టుచున్నదో ఆ కడలిలోనే పోయుదురు.

చెమ్మ కనబడగనే స్పానరు పట్టి మేకులను బిగించుట లోకాచారము. ఇది పుండొకచోట మందొకచోట అన్నట్టి చికిత్స. పాత ఇంజనులలో పెక్కింటికి ఆ మూత పలుచని ఇనుపరేకుతో చేయబడినది. బలముగ బిగించిన కొలది మేకు రంధ్రముల చుట్టు రేకు లోనికి నొక్కుకొనిపోవును. రెండు మేకుల నడుమ అంచు పైకి లేచును. అనగా బిగించినవాడే చమురునకు దారి తెరచినవాడగును.

మొదట తెలిసికొనవలసినది చమురు ఎక్కడినుండి వచ్చుచున్నదను విషయము. ఇందులకు బడిపంతుళ్ల చేతిలోని వస్తువే చాలును. ఇంజనును శుభ్రముగ తుడిచి, ఆరిన పిమ్మట సుద్దపొడి చల్లి, కొంతసేపు నడపవలెను. తెల్లని పొడిపై నల్లని గీత దిగును. దిగిన చోటును విడిచి మొదలైన చోటును చూడవలెను. చమురు పల్లమునకే పారును గదా.

మూత క్రింద నుండు ప్యాకింగు పాత ఇంజనులలో తరచుగా కార్కుతో చేసినది. కార్కు ఒకజాతి ఓకుచెట్టు బెరడు. 1665లో రాబర్టు హుక్ తన గ్రంథమున వర్ణించి, ‘సెల్’ అని పేరు పెట్టిన చిన్నచిన్న గదులు ఈ బెరడులోనివే. ఆ గదులలో గాలి యుండుటచేతనే అది నొక్కిన నణగును, విడిచిన లేచును. ఏండ్ల తరబడి వేడికి కాగిన కార్కు గట్టిపడి పెళుసెక్కును. అప్పు డెంత బిగించినను అది లేచి అంచును పట్టదు. జీవశాస్త్రపు తరగతిలో హుక్ పేరు వల్లించు బాలుడు, తండ్రి ఇంజనుమీది నల్లని పట్టీయు ఆ కార్కేయని ఎరుగకుండుట విచారకరము. ఆ లోపము బాలునిది కాదు. పాఠమును పుస్తకమున కట్టిపెట్టినవారిది.

క్రొత్త ప్యాకింగు వేసినను చెమ్మ ఆగదేని, మూతను నిందింపరాదు. పిస్టను రింగులు అరిగిన ఇంజనులో మండిన వాయువు సందుచేసికొని క్రిందికి దిగి చమురు తొట్టిలో చేరును. అది వెలికి పోవుటకు బ్రీదరు గొట్టమొకటి యుండును. మసితో ఆ గొట్టము పూడిన, లోపల ఒత్తిడి పెరిగి బలహీనమైన అంచునుండి చమురును వెలికి నెట్టును. గొట్టమును కిరసనాయిలుతో కడిగినంతనే ఆగిపోయిన కారుడు లెన్నియో కలవు. వాయుపీడనమును గూర్చి ఇంతకంటె మంచి పాఠ మేది? కడిగినను ఆగనిచో రింగులు మార్చుటయే శరణ్యము. అది ఖర్చుతో కూడిన పనియని దాచి చెప్పుట మెకానిక్కునకు తగదు.

మూత అమర్చునప్పుడు తొందర కూడదు. పాత ప్యాకింగు ముక్కలను కొయ్యచెక్కతో గోకవలెను. అల్యూమినియపు తలపై ఉలి పెట్టిన గీతలు పడును. వంగిన రేకును కొయ్యదిమ్మపై నుంచి మెల్లగ తట్టి చదును చేయవలెను. రెండంచులను చెమ్మ లేకుండ తుడిచి, ప్యాకింగు నుంచి, మేకులను నడుమనుండి కొసలవైపు కొంచెము కొంచెముగ, సమముగ బిగించవలెను. ఇంజను ఒకమారు కాగి చల్లారిన పిమ్మట మరల చేయివేసి చూచి, వదులైన మేకును మాత్రము ఒక పిసరు త్రిప్పవలెను. ఈ పరీక్ష ఒడ్డుననే, జూన్ 14 లోపుగనే ముగియవలెను.