జవాను ఉత్తరానికి చోటేదీ?

అమెరికా సైనికుల పత్రిక స్టార్స్ అండ్ స్ట్రైప్స్‌ను దాని అసలు లక్ష్యానికి మళ్లిస్తామని, సైనికుల మనోబలాన్ని దెబ్బతీసే ‘వోక్’ వ్యవహారాలకు అందులో చోటుండదని 2026 జనవరిలో పెంటగాన్ ప్రతినిధి ప్రకటించాడు. అప్పటినుంచీ ఆ పత్రిక ప్రస్తావన ఎక్కడ కనబడినా నాకు ఒకటే చికాకు. ఏది బాబూ ఆ అసలు లక్ష్యం? 1861 నవంబరులో మిస్సోరీ రాష్ట్రంలోని బ్లూమ్‌ఫీల్డ్ ఊళ్లో, యజమాని వదిలిపోయిన ప్రెస్సు ఒకటి కనబడితే అంతర్యుద్ధంలో పోరాడుతున్న యూనియన్ సైనికులు తామే టైపు పేర్చి తొలి సంచిక అచ్చేసుకున్నారు. ఏ శాఖా వాళ్లకు పని అప్పగించలేదు. 1918 ఫిబ్రవరి 8న ప్యారిస్‌లో అదే పేరుతో మళ్లీ మొదలైనప్పుడూ దాన్ని నిలబెట్టిన వాళ్లలో మామూలు సిపాయిలే ముఖ్యులు. హెరాల్డ్ రాస్ అనే సిపాయి దానికి సంపాదకత్వం వహించి, యుద్ధం అయ్యాక న్యూయార్కర్ పత్రిక పెట్టాడు. సైనికుడు రాసి సైనికుడు చదువుకునేది సైనికుల పత్రిక. శాఖ రాసి సైనికుడి చేత చదివించేదాన్ని సర్క్యులర్ అంటారు. దానికి సంపాదకుడి జీతం దండగ.

ఇలాంటి పత్రికలకు అమెరికాలో నిబంధనలు లేవా అంటే బోలెడున్నాయి. ప్రతి కంటోన్మెంటులోనూ వెలువడే పత్రికలకు రక్షణ శాఖ ఓ గ్రంథమే తయారుచేసింది. సర్కారు సొమ్ముతో అచ్చయ్యే వాటిలో వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. ప్రైవేటు ప్రచురణకర్త ప్రకటనల ఆదాయంతో అచ్చువేసి ఉచితంగా పంచే రకం ఇంకొకటుంది. అందులో వార్తల జాగా అంతా కమాండ్ ప్రజాసంబంధాల కార్యాలయానిదే. ఎన్నికల ప్రచార వార్తలు, పార్టీల తరఫున వ్యాఖ్యలు, కార్టూన్లు ఎందులోనూ వద్దు. ఫలానా అభ్యర్థి గెలుస్తాడా అని సైనికుల మధ్య సర్వే చేయడం అసలే వద్దు. వీటితో నాకు పేచీ లేదు. తుపాకీ పట్టినవాళ్లు ఏ పార్టీ వైపు మొగ్గుతున్నారో లెక్కలు వేసి అచ్చేసే దేశం బాగుపడదు. సరదా ఏమిటంటే, ఇందులోని విషయాలు ప్రభుత్వ అధికారిక అభిప్రాయాలు కానక్కర్లేదని ప్రకటనలతో నడిచే ఆ పత్రికలు విధిగా అచ్చువేయాలి. అధికారికం కాని అభిప్రాయం మాత్రం సంచికంతా భూతద్దం పెట్టి వెతికినా దొరకదు.

నా పేచీ మరో చోట ఉంది. వద్దనే నిబంధన ఎప్పుడూ సాగుతుంది, కాపాడే నిబంధన ఎప్పుడూ కుంచించుకుపోతుంది. 1944లో సైనికుల ఓటు హక్కు చట్టంలో సెనేటర్ టాఫ్ట్ ఓ నిబంధన చేర్పించాడు. ఎన్నికల ఫలితాన్ని మార్చగల రాజకీయ ప్రచారమేదీ సర్కారు ఖర్చుతో సైనికులకు చేరకూడదన్నది దాని సారం. వినడానికి పద్ధతిగానే ఉంది. అధికారులు దాన్ని అమలు చేసిన తీరు చూడండి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి హోమ్స్ జీవితం గురించి కేథరిన్ డ్రింకర్ బోవెన్ రాసిన పుస్తకాన్ని ఆపేశారు. ఇ.బి. వైట్ తన పల్లెటూరి పొలం దగ్గర కూర్చుని రాసుకున్న వ్యాసాలనూ ఆపేశారు. నవ్వులపాలై ఆగస్టులో ఆ నిబంధనను సవరించుకోవాల్సి వచ్చింది. రాజకీయం అన్న మాటకు హద్దు గీయకుండా అధికారి చేతిలో పెడితే, ఉద్యోగానికి భయపడే ఆ అధికారి పొలం వ్యాసాన్ని కూడా రాజకీయం కిందే జమ కడతాడు.

అందుకే సైనికుల పత్రికను దాని నిబంధనల పుస్తకం చూసి తూచకండి, ఉత్తరాల పేజీ చూసి తూచండి. నాకు ఇది చాదస్తమే అనుకోండి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం నడిపిన యాంక్ వారపత్రికలో ‘మెయిల్ కాల్’ అని ఉత్తరాల శీర్షిక ఉండేది. 1944 ఏప్రిల్ 28 సంచికలో రూపర్ట్ ట్రిమ్మింగ్‌హామ్ అనే నల్లజాతి కార్పొరల్ ఉత్తరం అందులో వచ్చింది. తోటి నల్లజాతి సైనికులతో కలిసి లూసియానాలోని క్యాంపు నుంచి అరిజోనాలోని సైనిక ఆసుపత్రికి వెళ్తూ, రైలు కోసం అతను ఒక దక్షిణాది ఊళ్లో ఆగాల్సి వచ్చింది. ఏ హోటల్లోనూ కప్పు కాఫీ అమ్మలేదు. రైల్వే స్టేషన్ భోజనశాలలో మాత్రం, వెనక నుంచి వంటింట్లోకి వస్తే పెడతామన్నారు. పదకొండున్నరకు ఇద్దరు కాపలావాళ్లతో రెండు డజన్ల మంది జర్మన్ యుద్ధ ఖైదీలు వచ్చారు. భోజనశాలలోకి వెళ్లి బల్లల దగ్గర కూర్చున్నారు, వడ్డిస్తే తిన్నారు, సిగరెట్లు కాల్చుకుంటూ కబుర్లు చెప్పుకున్నారు. అమెరికా యూనిఫాం వేసుకున్నవాడు బయట నిలబడి అదంతా చూస్తున్నాడు. మేం ఎవరి కోసం పోరాడుతున్నట్టు అని ఆ ఉత్తరం అడిగింది. తనకు 287 ఉత్తరాలు వచ్చాయని, వాటిలో 183 సైన్యంలోని తెల్లవాళ్లు రాసినవేనని జులైలో అతనే మళ్లీ పత్రికకు తెలియజేశాడు. ఏ సర్వే పెట్టినా ఆ సైన్యం మనసు ఇంత తేటగా బయటపడేది కాదు.

క్రమశిక్షణ మాటేమిటని పెద్దలు అడుగుతారు. ఆ ఉత్తరం అచ్చయిన నెలన్నర లోపే అదే సైన్యం నార్మండీ ఒడ్డున దిగింది. ఉత్తరం చదివి ఎవరూ తుపాకీ కింద పెట్టలేదు. జనరల్ ప్యాటన్‌దీ ఇదే బెంగ. బిల్ మౌల్డిన్ స్టార్స్ అండ్ స్ట్రైప్స్‌లో గీసే విల్లీ, జో బొమ్మలు గడ్డం గీసుకోరు, బురద కడుక్కోరు, ఆఫీసర్లను చూసి వెటకారం ఆడతారు. 1945లో ప్యాటన్ ఆ కుర్రవాణ్ని పిలిపించి చీవాట్లు పెట్టాడు. పై అధికారి ఐజెన్‌హోవర్ అడ్డం పడటంతో బొమ్మలు ఆగలేదు. ఆ ఏడాదే మౌల్డిన్‌కు 23 ఏళ్ల వయసులో పులిట్జర్ బహుమతి వచ్చింది. దళాల కదలికలు, ఇంటికి కబురు అందకముందే మృతుల పేర్లు అచ్చువేయకూడదంటే కాదనే సంపాదకుడు ఉండడు. మాసిన గడ్డం మాత్రం రక్షణ రహస్యం కాదు.

డబ్బిచ్చేవాడి మాట చెల్లాలి కదా అన్నది రెండో వాదన. డబ్బిచ్చేది పెంటగాన్ కాదు, పన్ను కట్టేవాడు. స్టార్స్ అండ్ స్ట్రైప్స్ మీద కమాండర్ల కత్తెర పెరిగిపోయిందని 1980ల చివర గొడవ లేస్తే, అమెరికా కాంగ్రెసే పట్టుబట్టి ఆ పత్రికకు ఒంబుడ్స్‌మన్‌ను పెట్టించింది. ఏడాదికి కోటీ 55 లక్షల డాలర్లు దండగంటూ 2020లో రక్షణ శాఖ దాన్ని మూసేయబోయింది. సెప్టెంబరులో ట్రంప్ ఒక ట్వీట్‌తో ఆపాడు. అదే ట్రంప్ మళ్లీ అధ్యక్షుడై ఉండగా ఇప్పుడు ఆయన శాఖే పత్రికను సంస్కరిస్తానంటోంది. ఒక ట్వీట్‌తో బతికిన పత్రిక ఇంకో ప్రకటనతో ఇరుకున పడటంలో వింతేముంది?

ఇక మన సంగతి. సైనిక్ సమాచార్ 1909 జనవరి 2న అలహాబాదులో ఫౌజీ అఖ్బార్‌గా పుట్టింది. 1954లో ఇప్పటి పేరు పెట్టుకుంది. పదమూడు భాషల్లో వస్తూ ఉన్న పత్రిక అది, వాటిలో తెలుగు ఒకటి. మిలటరీ మాధవరం వంటి ఊళ్లున్న భాష మనది, ఆ గౌరవం దక్కాల్సిందే. మంత్రుల పర్యటనలు, విన్యాసాలు, పతకాలు, ఆటల పోటీలు, అన్నీ ఉంటాయి. మెస్సులో పప్పు నీళ్లలా ఉందని ఒక జవాను రాసిన ఉత్తరం అందులో అచ్చవుతుందని మాత్రం ఎవరూ కలలో కూడా అనుకోరు. పోనీ బయటి పత్రికకు రాసుకుందామా అంటే రాజ్యాంగం 33వ అధికరణం, సైనిక చట్టం 21వ సెక్షన్, 1954 సైనిక నియమాల్లో 21వ నియమం వరసగా నిలబడి ఉంటాయి. రాజకీయ విషయమే కాదు, సర్వీసు విషయం ఏదైనా సరే పై అనుమతి లేకుండా పత్రికలకు చెప్పకూడదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

అప్పుడేమవుతుందో 2017 జనవరిలో చూశాం. మాడిన రొట్టె, పసుపూ ఉప్పూ తప్ప మరేమీ లేని పప్పు చూపిస్తూ ఒక బీఎస్‌ఎఫ్ జవాను ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టాడు. ఆ దళం హోంశాఖ కిందిది కదా, సైన్యం లెక్కలో ఎలా వేస్తావని అడగొచ్చు. ఆ వెనకే సైన్యంలో ఆఫీసర్ల సొంత పనులకు సిపాయిలను పెట్టే సహాయక్ పద్ధతి మీద ఒక సైనికుడి వీడియో వచ్చింది. బీఎస్‌ఎఫ్ జవాను ఉద్యోగం ఏప్రిల్‌లో ఊడింది. ఫిర్యాదుల పెట్టెలు పెడుతున్నాం, సామాజిక మాధ్యమాలకు ఎక్కకండి అని సైన్యాధిపతి జనరల్ రావత్ చెప్పారు. పెట్టెలో పడిన కాగితాన్ని ఒక్క అధికారి చదువుతాడు. పత్రికలో పడితే లక్షమంది చదువుతారు, జవాబు చెప్పాల్సిన అధికారి పేరూ అందరికీ తెలుస్తుంది. చేతిలో ఫోనుంటే ఇంకా పత్రికెందుకనేవాళ్లు ఈ తేడా గమనించాలి. ఫోనులో సంపాదకుడు లేడు. నిజమా అని విచారించేవాడు, పేరూ యూనిటూ దాచేవాడు, పక్కనే శాఖ వివరణ వేసేవాడు ఉండడు. నెలకు రెండు పేజీలు, పేర్లు లేకుండా జవాన్ల ఉత్తరాలు, పక్కనే వాటికి జవాబులు. సైనిక్ సమాచార్ ఇంతమాత్రం చేస్తే ఏ సరిహద్దూ కదిలిపోదు.

సైన్యాన్ని అనేముందు మన దినపత్రికలు తమ ముఖం చూసుకుంటే బాగుండు. ఒకప్పుడు పోస్టుకార్డు మీద గుండ్రటి అక్షరాలతో ఊరి బస్సు గురించి, చెరువు గట్టు గురించి, సంపాదకీయంలోని తప్పు గురించి నిలదీసే ఉత్తరాలకు ఎడిట్ పేజీలో నిలకడైన జాగా ఉండేది. వాటి మీదే పేరు తెచ్చుకున్న లేఖకులు జిల్లా జిల్లాకూ ఉండేవారు. ఇప్పుడు చాలా పత్రికల్లో ఆ జాగా ఏ రోజు ఉంటుందో, ఏ రోజు పోతుందో తెలియదు. ఉన్న రోజూ పత్రికను పొగిడే నాలుగు ముక్కలే కనిపిస్తాయి. మన సంపాదకులకు ఏ 21వ నియమమూ అడ్డురాలేదు. ఎవరూ వద్దనకుండానే పాఠకుడి నోరు నొక్కేశారు, అడిగితే న్యూస్‌ప్రింటు ధర చెబుతారు. మొదటి పేజీ నిండా కోచింగ్ సెంటర్ల ర్యాంకులు అచ్చువేసే రోజున ఆ ధర వాళ్లకు ఎందుకు గుర్తుకు రాదో, ఎవరైనా ఉత్తరం రాసి అడగాలి.