పుస్తకములను మోయువారేరి?

పుస్తకము దొరకదను మాటకు నేడు తావు లేదు. ఒకప్పుడు ఒక్క ప్రతికై ఊరూర వెదకవలసిన గ్రంథములు నేడు అఱచేతిలోని ఫోనున తెఱచుకొనుచున్నవి. నూఱేండ్ల నాటి తెలుగు పుస్తకములు వేలకొలదిగా స్కాను చేయబడి ఇంటర్నెట్ ఆర్కైవున నున్నవి. తెలుగు వికీసోర్సున స్వచ్ఛందసేవకులు ఒక్కొక్క పుటను సరిచూచి అందఱికిని అందించుచున్నారు. ఇంతటి కలిమి నడుమ పఠనమందిరముల బల్లలు బోసిపోవుచున్నవి. బడికి పోవు బిడ్డలు పెక్కండ్రు తెలుగు పుట నొక్కదానిని తడబడక చదువలేకున్నారు. గాదె నిండ ధాన్యముండగా ఇంటిల్లిపాదియు పస్తున్నట్లున్నది మన స్థితి. ఇందులకు కారణమేమి?

ఫోనును దూషించి ఊరకుండుట సులభము. మేమా దూషణమున పాలుగొనము. తాటాకు నమ్ముకొన్న దేశమునకు అచ్చుయంత్రము వచ్చినది. అది రాకున్న ఈ పత్రికయు లేదు, దీనిని చదువు పఠనమందిరమును లేదు. సాధనము మాఱుట కీడు కాదు. దానిని చేతబట్టి పొరుగువాని గుమ్మమెక్కు మనుష్యుడు కఱవగుటయే కీడు.

మన గ్రంథాలయోద్యమ చరిత్రయే ఈ మాటకు సాక్షి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు బెజవాడలో తొలి మహాసభగా కూడిరి. దాని వెనుక శ్రమించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమంతయు ఆ పనికే ధారపోసిరి. 1935లో గుంటూరు మండలము పెదపాలెమున పాతూరి నాగభూషణముగారు మొదలగువారు పడవలో పుస్తకముల నుంచి కాలువ వెంట పల్లెలకు నడపిరి. తెలంగాణమున, సభ జరుపుటకే సర్కారు అనుమతి వలసిన నిజాము దినములలో, వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూట మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి.

ఈ మహనీయులకు పుస్తకముల కలిమి లేదు. నేడొక విద్యార్థి ఫోనున దొరకునన్ని గ్రంథములు ఆనాటి పడవలో లేవు. ఐనను పుస్తకముతోపాటు మనిషి వచ్చెను. ఇది చదివి చూడుడని చేతబెట్టెను. చదువు రానివారికి రచ్చబండకడ ఒకరు పత్రిక చదువగా పదుగురు వినుచుండిరి. అక్షరమెఱుగనివారు సైతము స్వరాజ్యోద్యమ వార్తల నెఱిగినది ఆ కంఠము వలననే.

నేడు మనమేమి చేయుచున్నాము? పుస్తకముల ఫైళ్లను వందలుగా వాట్సాపున పంపుచున్నాము. పంపినవాడును చదువడు, అందుకొన్నవాడును చదువడు. తాను రుచి చూడని పిండివంటను పొరుగింటికి పంపగా, వారు మఱియొక యింటికి పంపినట్లున్నది ఈ దానము. ఇంకొక చిక్కు గలదు. చేత అచ్చుపుస్తకమున్న యెడల ప్రక్కవాడు అదేమని యడుగును. ఫోనున చదువువానిని ఎవ్వరును అడుగరు. కావున చదివినదానిని నోరు తెఱచి పరులకు చెప్పు బాధ్యత నేటి పాఠకునకు రెట్టింపైనది.

ప్రభుత్వముల మాట విడువరానిది. 1960 నాటి గ్రంథాలయ చట్టమును బట్టి పౌరులు ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును చెల్లించుచున్నారు. ఆ సొమ్మును స్థానికసంస్థలు పలుచోట్ల గ్రంథాలయములకు సక్రమముగ జమకట్టుట లేదను మొఱ ఏండ్ల తరబడి వినవచ్చుచున్నది. పుస్తకమునకై ఇచ్చిన రూపాయి పుస్తకమునకే చేరవలయును. ఇది మనము చేయు యాచన కాదు, మన హక్కు. ఆ సొమ్ముతో శాఖాగ్రంథాలయములకు కంప్యూటర్లు కొనవచ్చును. అంతకుముందు పుస్తకముల నెఱిగిన గ్రంథపాలకుని నియమింపవలయును.

ఐనను సర్కారు తలుపు తెఱచువఱకు అయ్యంకివారు కాచుకొని యుండలేదు, మనమును ఉండరాదు. పఠనమందిర సోదరులారా! వారమున కొక్క సాయంకాలము, ఒక్క గంట కూడుడు. అచ్చున నుండనిండు, ఫోనున నుండనిండు, మీకు ప్రియమైన పుస్తకమునుండి పది పుటలు బిగ్గఱగా చదువుడు. ప్రతి సభ్యుడును ఒక బాలునో బాలికనో వెంట దీసికొని రావలయును. తరువాతి పుటను వారిచేత చదివింపుడు, తడబడిన నవ్వకుడు. చూపు తగ్గిన తాతగారికి మనుమరాలు ఫోనున చదివి వినిపించినను అది గ్రంథాలయసేవయే. యువకులు దినమున కొక పుట వికీసోర్సున సరిచూచినను అది దేశసేవయే. వీనికి విరాళములు వలదు, భవనములు వలదు. పుస్తకమును ప్రేమించిన హృదయమును, దానిని దాచుకొనని నోరును చాలును.

కాలువ నిండుగ పాఱుచున్నది. పడవ నిండ పుస్తకములున్నవి. గడ వేయువారి కొఱకే గట్టున జనులు ఎదురుచూచుచున్నారు.