ముందొచ్చిందెవరు? పేరెవరికొచ్చింది?

పెద్ద నగరం, కిరాయి ఇల్లు, ఆరుగురు దోస్తులు, వాళ్ల కొలువులు, ప్రేమలు, అలకలు. ఈ ముచ్చట ఎత్తితే చాలు, మన హాస్టల్ పిల్లలు ఠక్కున ‘ఫ్రెండ్స్’ సీరియల్ పేరు చెబుతారు. ఇంగ్లిష్ అలవాటవుతుందని చూసినవాళ్లూ ఉన్నారు, ఊరికే నవ్వుకోవడానికి చూసినవాళ్లూ ఉన్నారు. మేమూ చూశాం, నవ్వాం. అయితే అంతకు ఏడాది ముందే ఇదే ముచ్చటతో అదే న్యూయార్క్ నుంచి మరో సీరియల్ వచ్చిందని మనలో ఎందరికి తెలుసు?

దాని పేరు ‘లివింగ్ సింగిల్’. 1993 ఆగస్టులో ఫాక్స్ చానల్‌లో మొదలైంది. రూపకర్త ఇవెట్ లీ బౌజర్ అనే నల్లజాతి మహిళ. కథ జరిగేది బ్రూక్లిన్‌లో. ఆరుగురూ నల్లజాతి యువతీ యువకులే. ఖదీజా సొంతంగా పత్రిక నడుపుతుంది. ఆ పాత్ర వేసింది ర్యాప్ గాయని క్వీన్ లతీఫా. మాక్సీన్ వకీలు, కైల్ షేర్ బ్రోకర్, ఓవర్టన్ ఇళ్ల మరమ్మతులు చేసేవాడు. చదువుకుని, సంపాదించుకుని, నగరంలో తలెత్తుకు తిరిగే నల్ల యువతరం అది. నల్లజాతి ఇళ్లలో బాగా చూసిన సీరియళ్లలో అదొకటి.

1994 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీలో ‘ఫ్రెండ్స్’ వచ్చింది. ఊరు న్యూయార్కే, పేట మన్‌హటన్. ఆరుగురూ తెల్లవాళ్లే. చిత్రమేమిటంటే, రెండింటి వెనకా ఉన్న స్టూడియో ఒక్కటే: వార్నర్ బ్రదర్స్. మొదటిది 118 ఎపిసోడ్లతో 1998 జనవరి 1న ముగిసింది. రెండోది 2004 మే 6 దాకా 236 ఎపిసోడ్లు నడిచింది. చివరి రెండేళ్లలో ఒక్కో ముఖ్య నటుడికి ఎపిసోడ్‌కు 10 లక్షల డాలర్లు ముట్టాయి. ఆఖరి ఎపిసోడ్‌ను అమెరికాలో 5 కోట్ల మందికి పైగా చూశారు.

‘ఫ్రెండ్స్’ కాపీ అని మేమనం. దాని హాస్యాన్నీ కాదనం. మా ప్రశ్న వేరు. 1990 జనాభా లెక్కల్లో న్యూయార్క్ నగరంలో నూటికి పాతికమందికి పైగా నల్లవారే. అలాంటి ఊళ్లో పదేళ్లు తిరిగిన ఆ గుంపులోకి ఒక్క నల్ల దోస్తు కూడా ఎందుకు రాలేదు? 2003లో ఐషా టైలర్ వచ్చింది, కొన్ని ఎపిసోడ్లకే వెళ్లిపోయింది. కథ రాసే గదిలో ఎవరుంటారో వాళ్ల ఊరే తెర మీద ఊరవుతుంది. మిగిలిన జనం వెనకాల నడిచిపోయే నీడలవుతారు.

2020లో ‘ఫ్రెండ్స్’ నటుడు డేవిడ్ ష్విమ్మర్, అందరూ నల్లవాళ్లే ఉండే ‘ఫ్రెండ్స్’ ఒకటి రావాలేమో అన్నాడు. మాక్సీన్ పాత్ర వేసిన ఎరికా అలెగ్జాండర్ వెంటనే ‘లివింగ్ సింగిల్’ను గుర్తుచేసింది. తానూ దాని అభిమానినేనని ఆయన సర్దిచెప్పుకున్నాడు. ఆయన మనసు మంచిదే కావచ్చు. కానీ చూడండి: ముందొచ్చినది లెక్కలోనే లేదు, వెనకొచ్చినదే కొలమానమైంది. అసలును పట్టుకుని ‘నకలు చేసుకోండి’ అని సలహా ఇవ్వడమంటే ఇదే. ఆధిపత్యం తిట్టి మాత్రమే అవమానించదు, మరిచిపోయి కూడా అవమానిస్తుంది.

2022లో ‘ఫ్రెండ్స్’ రూపకర్తల్లో ఒకరైన మార్తా కాఫ్‌మన్ తమ సీరియల్‌లో వైవిధ్యం లేనందుకు సిగ్గుపడుతున్నానని ఒప్పుకుంది. తాను చదివిన బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్, ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల ఆచార్య పదవికి 40 లక్షల డాలర్లు ఇస్తానంది. మంచిదే. అయితే ఆ పశ్చాత్తాపం రావడానికి సీరియల్ ముగిశాక కూడా పద్దెనిమిదేళ్లు పట్టింది.

విద్యార్థి మిత్రులారా, ‘ఫ్రెండ్స్’ చూడండి, నవ్వండి. ‘లివింగ్ సింగిల్’ కూడా వెతికి చూడండి. ఇక మీదట ఏ నగరం కథ చూసినా ఒక్క మాట అడగండి: ఈ ఊళ్లో ఇంకెవరుంటారు, వాళ్లేరీ?