బల్ల చుట్టు తొమ్మిది మంది.. గెలిచేది పదోవాడు

పోయిన నెల మా అక్క కొడుకు ఇంటికొచ్చిండు. డిగ్రీ అయి రెండేండ్లాయె, నౌకరీ లేదు. "మామా, నేను జూదం ఆడుతలేను, లెక్కతోని ఆడుతున్న" అనుకుంట ఫోన్ల ఒక వీడియో చూపిచ్చిండు. ఒక్క బల్ల పోకర్ టోర్నమెంటు ఎట్ల గెల్వాల్నో చెప్పే పాఠం అది. నేను తిట్టలే. "ఏదీ, నాకు గూడ నేర్పు" అన్న. నాలుగు రాత్రులు కూసొని నేర్సుకున్న. తమ్ముళ్లారా, ఇయ్యాల గా లెక్కనే మీ ముంగట పెడుతున్న. తిడితే ఎవ్వలు ఇనరు, లెక్క చెప్తే ఇంటరు.

ఆట గిట్లుంటది. తొమ్మిది మంది నిండంగనే బల్ల షురూ అయితది. దీన్ని సిట్ అండ్ గో అంటరు. మావోడు ఆడేదాంట్ల తలా 110 రూపాయలు కట్టాలె. అండ్ల 100 బహుమతికి, 10 బల్ల నడిపేటోనికి. జమైన 900ల మొదటోనికి 450, రెండోవానికి 270, మూడోవానికి 180. మిగిలిన ఆరుగురికి సున్న. అందరికీ సమానంగ చిప్స్ ఇస్తరు. బ్లైండ్స్ అనే తప్పనిసరి పందెం కొన్ని నిమిషాలకోసారి పెరుగుతనే ఉంటది.

ఎత్తుగడ ఏందంటే, మొదట్ల ఓపిక పట్టాలె. పందెం చిన్నగున్నప్పుడు మంచి ముక్కలు రాకుంటే పారేసుడే. ఆఖరికి చిప్స్ పెద్ద బ్లైండుకు పది రెట్ల కన్న తక్కువకు వచ్చినయంటే చిల్లర పందాలు బంద్. పెడితే అన్నీ పెట్టాలె, లేకుంటే పారేయాలె. ఇంకొకడు ఆల్ ఇన్ అన్నంక ఒప్పుకునుడు కన్న, మనమే ముందు ఆల్ ఇన్ అనుడు మేలు. ఎదుటోళ్లు భయపడి తప్పుకుంటే ముక్కలు సూపెట్టకుండనే గెలుస్తం.

అసలు కిటుకు నలుగురు మిగిలినప్పుడు ఉన్నది. అందరి దగ్గర చిప్స్ సమానమనుకోండ్రి. 900ల నీ వాటా విలువ 225. ఒకడు ఆల్ ఇన్ అన్నడు. నువ్వు ఒప్పుకొని గెలిస్తే చిప్స్ డబల్ అయితయి, కానీ వాటా డబల్ కాదు. ఇంకా ఇద్దరు బల్ల మీదనే ఉన్నరు గదా, 225 కాస్తా 345 అయితది, అంతే. ఓడితే మాత్రం సున్న. అందుకే నూటికి 65 సార్లకు పైన గెలుస్తననే నమ్మకం ఉంటేనే ఒప్పుకోవాలె. చేతిల ఆసు, రాజు ఉన్నా, ఎదుటోని దగ్గర చిన్న జత పడితే అవకాశం సగం సగమే. ఇగ మీరిద్దరు కొట్టుకుంటే, ఊకె కూసున్న ఇద్దరి వాటాలు 225 నుంచి 277కు పెరుగుతయి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు!

అంటే ఈ ఆటల తెలివి ఉన్నది. మావోడు చెప్పింది అబద్ధం కాదు. కానీ వాడు తొమ్మిది మందినే లెక్కపెట్టిండు, పదోవాన్ని ఇడిసిపెట్టిండు.

తొమ్మిది మంది తెలివి సమానమైతే ఒక్కొక్కడు 100 ఆటలల్ల 33 సార్లు బహుమతి తీస్తడు. సగటున 300 చొప్పున 10 వేల దాక వస్తది. కట్టింది 11 వేలు. పెట్టిన పైసలు తిరిగి రావాలంటేనే 37 సార్లు గెల్వాలె. గా నాలుగు గెలుపులు ఇంకొకని నోటికాడివి గుంజాలె. వాడు గూడ నువ్వు చూసిన వీడియోనే చూసి వచ్చిండాయె. అందరు నేర్సుకుంటే తెలివిల తేడా తగ్గుతది, ఫీజు మాత్రం తగ్గది. ఎవడు గెలిచినా బల్లకు 90 రూపాయలు పదోవాని జేబుల పడుతయి. ఇంకో మాట, 100 ఆటలల్ల నాలుగైదు గెలుపులు అటిటు అయ్యేది ఉత్త అదృష్టమే. 38 సార్లు గెలిచినోడు తనది తెలివి అనుకుంటడు, 29 సార్లు గెలిచినోడు ఇంకో వీడియో చూస్తడు.

కంపెనీలు ఎప్పుడూ 1968 సుప్రీంకోర్టు తీర్పునే ముంగటేస్తయి. అది మన సికింద్రాబాద్ క్లబ్బు కేసే. రమ్మీ ముఖ్యంగ నైపుణ్యం ఆట అని అండ్ల ఉన్నమాట నిజమే. కానీ పందెం ఆట మీద ఇంటి యజమాని, క్లబ్బు లాభం తీసుకుంటే నేరం కావచ్చని గూడ అదే తీర్పుల ఉన్నది. గీ రెండో మాట ఏ ప్రకటనలన్న చూసిండ్రా?

తెలంగాణ 2017ల, ఆంధ్ర 2020ల పైసల ఆన్‌లైన్ ఆటలను బంద్ చేసినయి. 2025 ఆగస్టుల కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. నడిపేటోళ్లకు మూడేండ్ల దాక జైలు, కోటి దాక జుర్మానా. ప్రచారం చేసేటోళ్లకు రెండేండ్లు, 50 లక్షలు. కేంద్ర చట్టంల ఆడేటోళ్లకు శిక్ష లేదు. చట్టం మంచిదే అంట నేను. కానీ యాప్ మూతపడంగనే మావోనికి ఒక ఏజెంటు కొత్త లింకు పంపిండు. పైసలు ఎవని ఖాతాకు పోతున్నయో వానికే తెల్వదు. గిట్ల మోసపోతే సిగ్గుపడకుండ్రి, ఎంటనే 1930కి ఫోన్ కొట్టుండ్రి. సర్కారు గూడ చట్టం చేసి చేతులు దులుపుకుంటే కాదు. ఊర్లల్ల ఖాళీగున్న పోరగాండ్లకు పని చూపెట్టకుంటే, ఒక లింకు పోతే ఇంకో లింకు వస్తది.

ఆఖరి రాత్రి మావోని లెక్క తీసినం. 60 ఆటలకు కట్టింది 6,600. గెలిచింది 19 సార్లు, వచ్చింది 5,310. పోయింది 1,290, అండ్ల 600 ఉత్త ఫీజే. వాడు శానసేపు ఆ కాయితం దిక్కే చూసిండు. "మామా, ఆల్ ఇన్‌కు ఒప్పుకోవాలె అంటే 65 ఉండాలని లెక్క కట్టిన. బల్ల మీద కూసోవాలె అంటే ఎంత ఉండాల్నో ఎప్పుడూ కట్టలే" అన్నడు.

గంత లెక్క తెలిసిన పోరడు 110 రూపాయల బల్ల కాడ ఎందుకు కూసున్నడో, గా సంగతికి జవాబు చెప్పాల్సింది వాడొక్కడే కాదు.